అన్నిటికీ "గట్టిగా ఒప్పుకుంటాను"

థాంక్స్‌గివింగ్ సెలవులకి ఇంటికొచ్చిన మా అబ్బాయి డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని కుడిచేత్తో పులిహోర తింటూ, ఎడంచేత్తో లాప్‌టాప్ మీద ఏదో ఫారం నింపుతున్నాడు. ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం చదువుతున్నాడు వాడు.

"ఏంట్రా అది?" అన్నాను.

"డైవర్సిటీ సర్వే అమ్మా. సెమిస్టర్ మొదట్లో ఒకసారి ఇచ్చారు, ఇప్పుడు మళ్ళీ ఇచ్చారు. నింపితే రెండు మార్కులు."

వెనకనుంచి చూశాను. రకరకాల మనుషులు ఉన్న టీమ్‌లో పని బాగా జరుగుతుందా, తోటివాళ్ళని కలుపుకుపోవడం ఇంజనీరు బాధ్యతేనా, ఎవరినైనా కించపరుస్తుంటే అడ్డు చెబుతావా... వరసగా ప్రశ్నలు. ప్రతి ప్రశ్న పక్కనా "అస్సలు ఒప్పుకోను" నుంచి "గట్టిగా ఒప్పుకుంటాను" దాకా గళ్ళు. మావాడు అన్నిటికీ చివరి గడిలోనే టిక్కు పెట్టుకుంటూ పోయాడు. నాలుగు నిమిషాల్లో అయిపోయింది. సబ్మిట్ నొక్కేసి పెరుగన్నం అడిగాడు.

నేను ఊరికే, మాటవరసకి అడిగాను. "మీ ప్రాజెక్టు టీమ్‌లో ఎవరెవరు ఉన్నార్రా?"

"నలుగురం. నేను, ఇంకో ఇద్దరబ్బాయిలు, ఒక అమ్మాయి."

"ఆ అమ్మాయి ఏం చేస్తుంది?"

"రిపోర్ట్ రాస్తుంది, స్లైడ్స్ చేస్తుంది. తను బాగా రాస్తుందమ్మా."

"అదే చేస్తానని తను అడిగిందా?"

వాడు ఒక్క క్షణం ఆగాడు. "అడగడం ఏముంది? మొదటి వారంలోనే అలా సెటిలైపోయింది."

ఆ మాట నన్ను ఇరవై ఏడేళ్ళు వెనక్కి లాక్కెళ్ళింది. నేనూ ఇంజనీరింగే చదివాను. ఎలక్ట్రికల్ మెషీన్స్ ల్యాబ్‌లో బ్యాచ్‌కి అయిదుగురం, అందులో ఆడపిల్లని నేనొక్కదాన్నే. నా చేతిరాత బాగుంటుందని రీడింగులు రాసే పని నాకొచ్చింది. వైర్లు ముట్టుకోవద్దని నాకెవరూ చెప్పలేదు. అందరూ నాతో మర్యాదగానే ఉండేవారు. కానీ సంవత్సరం మొత్తంలో ఒక్కసారి కూడా నేను మోటారుకి కనెక్షన్ ఇవ్వలేదు. ప్రాక్టికల్ పరీక్ష రోజు ఎగ్జామినర్ "కనెక్షన్ ఇవ్వమ్మా" అంటే నా చేతులు కదల్లేదు. రికార్డు పుస్తకం మాత్రం ముత్యాల్లాంటి అక్షరాలతో మెరిసిపోతోంది. అప్పుడు కూడా అంతే, "అలా సెటిలైపోయింది".

ఇన్నేళ్ళ తర్వాత నా కొడుకు టేబుల్‌కి అవతలి వైపున కూర్చున్నాడు. ఆ అమ్మాయి గురించి చెడ్డగా ఒక్క మాట అనలేదు. సర్వేలో నూటికి నూరు తెచ్చుకున్నాడు. మరి ఆ సర్వే కొలిచిందేమిటి? ఆ రాత్రి నిద్ర పట్టక దీని గురించి చదవడం మొదలుపెట్టాను. తెలిసిందంతా మీతో పంచుకోవాలనిపించింది. మనలో చాలామందిమి ఇంజనీర్లం, చాలామందిమి ఇంజనీరింగ్ చదివే పిల్లల తల్లులం, కొందరం ఆ రెండూను.

నాలుగు వైపుల నుంచి ఒక ప్రశ్న

అమెరికాలో ఇంజనీరింగ్ కోర్సులకి గుర్తింపు ఇచ్చే సంస్థ అబెట్. చదువు పూర్తయ్యేసరికి విద్యార్థికి ఏమేం రావాలో అది ఒక జాబితా ఇస్తుంది. 2019 నుంచి అమల్లోకి వచ్చిన జాబితాలో లెక్కలు, డిజైను, ప్రయోగాలతో పాటు టీమ్‌లో అందరినీ కలుపుకుపోయే వాతావరణం కల్పించగలగడం కూడా చేరింది. రావాలి అన్నాక, వచ్చిందో లేదో చూడాలి కదా. లెక్కలకైతే పరీక్ష పెట్టొచ్చు. మనసులో ఉన్నదానికి పరీక్ష ఎలా పెడతారు?

ఈ పనికి పూనుకున్న వాళ్ళలో కారెన్ రాంబో-హెర్నాండెజ్, రెబెకా అటడెరో, వాళ్ళ సహచరులు ముఖ్యులు. అటడెరో సివిల్ ఇంజనీరింగ్ ప్రొఫెసర్, రాంబో-హెర్నాండెజ్ విద్యారంగంలో కొలతల నిపుణురాలు. ఇంజనీరింగ్ విద్యార్థుల కోసమే ప్రత్యేకంగా ఒక కొలమానం తయారుచేశారు. అందులో నాకు నచ్చిన సంగతి ఏమిటంటే, "నీకు వైవిధ్యం ఇష్టమేనా?" అని ఒక్క ముక్కలో అడిగి ఊరుకోరు. ప్రశ్నని నాలుగు పాయలుగా విడదీశారు.

మొదటి రెండు పాయలు, వైవిధ్యానికి ఎందుకు విలువ ఇవ్వాలన్నవి. ఇంజనీరింగ్ అనేది సమాజానికి మేలు చేసే పెద్ద పని కాబట్టి అన్నది ఒక కారణం. మనం తయారుచేసే వస్తువు వాడేవాళ్ళకి సరిగ్గా ఉపయోగపడాలి కాబట్టి అన్నది రెండోది. తర్వాతి రెండు పాయలు చేతలకి సంబంధించినవి. టీమ్‌లో అందరూ మాట్లాడగలిగే ఆరోగ్యకరమైన వాతావరణం ఉండేలా చూస్తావా అన్నది మూడోది. ఎవరిపట్లయినా వివక్ష కనిపిస్తే నోరు తెరిచి అడుగుతావా అన్నది నాలుగోది.

ఇలా విడదీయడంలో ఎంత ఇంగితం ఉందో మన ఇళ్ళలో చూసుకుంటే తెలుస్తుంది. పెళ్ళిలో అందరూ రావాలని పిలవడం ఒకటి. వచ్చినవాళ్ళని ఒకే పంక్తిలో కూర్చోబెట్టడం ఇంకొకటి. ఏ విస్తరీ ఖాళీగా లేకుండా వడ్డన జరుగుతోందా అని చూసుకోవడం మూడోది. పంక్తిలో ఎవరైనా ఒకరిని చూసి మొహం చిట్లిస్తే "తప్పు" అని అక్కడే అనగలగడం నాలుగోది. మొదటిది చేసేవాళ్ళు వందమంది ఉంటే, నాలుగోది చేసేవాళ్ళు ఎంతమంది ఉంటారో మనకి తెలియనిదా?

ఒక్క మెతుకు చాలదు

అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి ఒక్క మెతుకు పట్టుకుంటే చాలంటారు. మనసు విషయంలో అది చెల్లదు. ఒక ప్రశ్నకి "అవును" అన్న మనిషి, అదే సంగతిని ఇంకోలా అడిగితే తడబడతాడు. అందుకని ఒక్కో పాయకీ నాలుగైదు ప్రశ్నలు పెడతారు.

"అస్సలు ఒప్పుకోను" నుంచి "గట్టిగా ఒప్పుకుంటాను" దాకా మెట్లుమెట్లుగా ఉండే ఈ జవాబుల పద్ధతిని 1932లో రెన్సిస్ లికర్ట్ అనే అమెరికన్ ప్రవేశపెట్టారు. మనం హోటల్ బాగుందా లేదా అని నింపే ఫారాల దగ్గర్నుంచి ఆఫీసు సర్వేల దాకా అన్నిటికీ అదే తాత. ఒకే సంగతి మీద అడిగిన నాలుగైదు ప్రశ్నలకీ జవాబులు ఒకదానితో ఒకటి పొసుగుతున్నాయా అని చూసే లెక్కని 1951లో లీ క్రాన్‌బాక్ ప్రచారంలోకి తెచ్చారు. ఏ ప్రశ్నలు ఏ గుంపులోకి చేరుతున్నాయో చూసే గణితం ఇంకొకటుంది. నాలుగు పాయలు నిజంగా నాలుగేనా, లేక మనం ఊహించుకున్నవా అన్నది దాంతో తేలుతుంది.

ఇంకో పరీక్ష కూడా ఉంది. అబ్బాయిలూ అమ్మాయిలూ, వేరువేరు నేపథ్యాలవాళ్ళూ ఒకే ప్రశ్నని ఒకేలా అర్థం చేసుకుంటున్నారా అన్నది. "నా టీమ్‌లో అందరి మాటకీ విలువ ఉంటుంది" అన్న వాక్యం ఉందనుకోండి. మావాడు అది చదివి "మేం ఎవరినీ నోరు మూయించలేదు" అనుకుంటాడు. ఆ అమ్మాయి అదే చదివి "నేను చెప్పిన డిజైన్ ఎవరైనా విన్నారా?" అనుకుంటుంది. వాక్యం ఒకటే, ఇద్దరూ కొలిచినవి వేరు. ఇది సరిచూసుకోకుండా సగటు తీస్తే ఆ సగటుకి అర్థం లేదు.

మంచి అబ్బాయి జవాబు

ఇంత జాగ్రత్త పడినా ఒక చిక్కు మిగులుతుంది. మనుషులు తాము ఎలా ఉన్నారో కాక, ఎలా ఉంటే బాగుంటుందో అలా జవాబిస్తారు. 1960లో డగ్లస్ క్రౌన్, డేవిడ్ మార్లో అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు దీన్ని పట్టుకోవడానికే 33 వాక్యాల ప్రశ్నావళి ఒకటి తయారుచేశారు. నిజాయితీగా ఉంటే దాదాపు ఎవరూ పూర్తిగా "అవును" అనలేని మంచి లక్షణాలు అందులో చాలా ఉంటాయి. అన్నిటికీ "అవును" అనేవాళ్ళు మంచి పేరు కోసం రాస్తున్నారని అర్థం.

మన పిల్లలకి ఈ విద్య ఉగ్గుపాలతోనే వస్తుంది. చుట్టాలొస్తే ఎలా మాట్లాడాలో, టీచర్ అడిగితే ఏం చెప్పాలో మనమే నేర్పాం. కాలేజీ దరఖాస్తుకి వ్యాసం రాసేటప్పుడు ఏ మాటలు వేస్తే బాగుంటుందో డబ్బులు కట్టి మరీ నేర్పించాం. సరైన గడి ఏదో వాళ్ళకి తెలుసు. అందరూ చివరి గడిలోనే టిక్కు పెడితే ఆ కొలబద్దకి పైన చోటే ఉండదు. సెమిస్టర్ మొదట్లో నూరు, చివర్లో నూరు. మధ్యలో ఏం నేర్చుకున్నట్టు?

దీనికి పూర్తిగా ఎదురుగా జరిగేది కూడా ఉంది. నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించింది అదే. కొందరికి కోర్సు అయ్యాక మార్కులు తగ్గుతాయి. వాళ్ళు చెడిపోయి కాదు. మొదట్లో "నేను అందరినీ కలుపుకుపోతాను" అని ధీమాగా రాసినవాడు, కలుపుకుపోవడం అంటే ఏమిటో తెలిశాక "నేననుకున్నంత లేదు" అని ఒక మెట్టు కిందికి దిగుతాడు. కొలబద్ద అదే, కొలిచే కన్ను మారింది. పరిశోధకులకి ఇది బాగా తెలిసిన తలనొప్పి. అందుకని కొందరు చివర్లో ఒకేసారి రెండు ప్రశ్నలు అడుగుతారు. ఇప్పుడెలా ఉన్నావు, వెనక్కి తిరిగి చూసుకుంటే అప్పుడెలా ఉన్నావని అనిపిస్తోంది అని.

డైరీల్లో దొరికినది

గళ్ళలో దొరకనిది డైరీల్లో దొరికింది. సుసాన్ సిల్బీ, కారల్ సెరాన్, వాళ్ళ సహచరులు ఎంఐటీ, ఓలిన్, స్మిత్, మసాచుసెట్స్ విశ్వవిద్యాలయాల్లో ఇంజనీరింగ్ చదివే 40 మందికి పైగా విద్యార్థుల చేత డైరీలు రాయించారు. ఆ పరిశోధన 2016లో వచ్చింది. అమ్మాయిలు ఇంజనీరింగ్ మీద మనసు విరుచుకుంటున్నది క్లాసులో లెక్కలు రాక కాదట. టీమ్ ప్రాజెక్టుల్లోనూ ఇంటర్న్‌షిప్‌లలోనూనట. అబ్బాయిలు మెషీన్ షాప్‌లోకి వెళ్ళి అసలు పని చేస్తుంటే, అప్పటిదాకా గంటలకొద్దీ రోబో మీద కష్టపడిన అమ్మాయిలకి చిల్లర పనులు మిగిలిన ఉదంతం అందులో ఉంది.  చదువుతుంటే నా రికార్డు పుస్తకం కళ్ళముందు కనిపించింది.

మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలోనే నీలాంజనా దాస్‌గుప్తా బృందం 2015లో ఇంకో పని చేసింది. నలుగురేసి ఉండే ఇంజనీరింగ్ గుంపులు వేసి, కొన్నిట్లో ఒక్క అమ్మాయిని, కొన్నిట్లో ఇద్దరిని, కొన్నిట్లో ముగ్గురిని పెట్టి చూశారు. ఒంటరిగా ఉన్న అమ్మాయిల కంటే, అమ్మాయిలు ఎక్కువగా ఉన్న గుంపుల్లోని వాళ్ళు ఎక్కువ మాట్లాడారు. మొదటి సంవత్సరం పిల్లల్లో ఒంటరిగా ఉన్నవాళ్ళకి బెరుకు ఎక్కువ కనిపించింది. అంటే ఆ అమ్మాయి నోరు తెరవకపోవడానికి కారణం ఆ అమ్మాయిలోనే ఉందనుకోవడం తప్పు. పక్కన ఎవరు కూర్చున్నారన్నది కూడా కారణమే. చాలా కాలేజీల్లో ప్రొఫెసర్లు టీమ్‌లు వేయడానికి, టీమ్‌లోని పిల్లలు ఒకరి పని మీద ఒకరు అభిప్రాయం చెప్పడానికి పర్‌డ్యూ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన కాట్‌మీ అనే సాఫ్ట్‌వేర్ వాడతారు. ఏ టీమ్‌లోనూ ఆడపిల్ల ఒంటరిగా పడకుండా చూసే సదుపాయం అందులో ఉంది. వాడాలా వద్దా అన్నది ప్రొఫెసర్ ఇష్టం.

ఇంకో పరిశోధన నన్ను కలవరపెట్టింది. ఎరిన్ చెక్ అనే సామాజిక శాస్త్రవేత్త ఈ నాలుగు కాలేజీల్లోనే మూడు వందలకి పైగా విద్యార్థులని చదువు మొదలైనప్పటి నుంచి చదువు అయ్యేదాకా వెంబడించి, 2014లో ఫలితాలు ప్రకటించారు. వృత్తిధర్మం, సాంకేతికత వల్ల వచ్చే పర్యవసానాలు, మనుషులు యంత్రాలని ఎలా వాడతారో అర్థం చేసుకోవడం, సామాజిక స్పృహ, వీటికి పిల్లలు ఇచ్చే ప్రాముఖ్యం ఇంజనీరింగ్ చదువు సాగుతున్నకొద్దీ తగ్గుతూ వచ్చింది. లోపలికి వెళ్ళినప్పుడు ఉన్న పట్టింపు బయటికి వచ్చేటప్పటికి లేదు. ఒక్కసారి కాక మళ్ళీ మళ్ళీ కొలిచారు కాబట్టే ఇది బయటపడింది.

ఇది మర్యాద గొడవ మాత్రమే కాదు

"అయితే ఏమయింది, రిపోర్ట్ ఎవరు రాస్తే ఏం?" అనిపించవచ్చు. కోవిడ్ రోజుల్లో మనందరం వేలికి తగిలించుకున్న పల్స్ ఆక్సీమీటర్ గుర్తుందా? చర్మం రంగు నల్లగా ఉన్నవాళ్ళలో అది ప్రాణవాయువుని ఉన్నదానికంటే ఎక్కువగా చూపించే అవకాశం ఉంది. రక్తంలో ప్రాణవాయువు నిజంగా పడిపోయినా మీటర్ పట్టుకోలేకపోయిన సందర్భాలు తెల్లవాళ్ళలో కంటే నల్లవాళ్ళలో దాదాపు మూడు రెట్లు ఎక్కువని 2020లో మిషిగన్ విశ్వవిద్యాలయం వైద్యులు చూపించారు. అదే సమయంలో ఇక్కడా ఇండియాలోనూ మన అమ్మానాన్నలకి ఫోన్ చేసి "ఎంత చూపిస్తోంది?" అని అడిగిన వాళ్ళం మనం.

కార్ల ప్రమాద పరీక్షల్లో దశాబ్దాలుగా వాడుతూ వచ్చిన బొమ్మలు సగటు మగవాడి ఒడ్డూ పొడుగూ ఉన్నవి. ఎదురెదురు ప్రమాదాల్లో, సీటుబెల్టు పెట్టుకున్నా, ఆడవాళ్ళకి తీవ్రమైన గాయాలయ్యే అవకాశం మగవాళ్ళతో పోలిస్తే 73 శాతం ఎక్కువని వర్జీనియా విశ్వవిద్యాలయం 2019లో లెక్క తేల్చింది. మొహం చూసి ఆడో మగో చెప్పే సాఫ్ట్‌వేర్లని జాయ్ బోలంవీని, టిమ్నిట్ గెబ్రూ 2018లో పరీక్షిస్తే, తెల్లని మగవాళ్ళ విషయంలో తప్పులు ఒక శాతం లోపే ఉన్నాయి. నల్లని ఆడవాళ్ళ విషయానికొచ్చేసరికి ఒక సాఫ్ట్‌వేర్‌లో అవి 34.7 శాతం దాకా వెళ్ళాయి.

ఈ వస్తువులు చేసినవాళ్ళు దుర్మార్గులని నేననుకోను. వాళ్ళలో చాలామంది సర్వే ఇస్తే చివరి గడిలోనే టిక్కు పెడతారు. బల్ల దగ్గర అడగవలసిన ప్రశ్న అడిగే మనిషి లేకపోవడం, ఉన్నా ఆ మనిషి చేతికి రిపోర్ట్ రాసే పని ఇచ్చేయడం, అదీ జరిగేది.

"అతడు" కొట్టేసి "ఆమె"

ఈ లెక్కల మధ్య నాకు అయ్యలసోమయాజుల లలిత గారు గుర్తొచ్చారు. 1919లో మద్రాసులో తెలుగింట పుట్టారు. పద్దెనిమిదేళ్ళకే, చంకలో నాలుగు నెలల పాపతో, భర్తని పోగొట్టుకున్నారు. తండ్రి పప్పు సుబ్బారావు గారు గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రికల్ ప్రొఫెసర్. కూతుర్ని ఇంట్లో కూర్చోబెట్టలేదు. ప్రిన్సిపాల్ కె.సి. చాకోతో మాట్లాడి అదే కాలేజీలో చేర్చారు. ఆమె తర్వాత పి.కె. త్రేసియా, లీలమ్మ జార్జ్ సివిల్‌లో చేరారు. లలిత గారు భారతదేశంలో తొలి మహిళా ఎలక్ట్రికల్ ఇంజనీర్ అయ్యారు. కలకత్తాలో అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్‌లో పనిచేస్తూ భాక్రా నంగల్ ప్రాజెక్టు పనుల్లో పాలుపంచుకున్నారు. 1964లో న్యూయార్కులో జరిగిన మొదటి అంతర్జాతీయ మహిళా ఇంజనీర్ల, శాస్త్రవేత్తల సమావేశానికి వచ్చారు.

వాళ్ళ పట్టాల మీద ఇంగ్లీషులో "అతడు" అని ముందే అచ్చయి ఉండేది. దాన్ని కొట్టేసి చేత్తో "ఆమె" అని రాసి ఇచ్చారు. నా దృష్టిలో ఏ ప్రశ్నావళికంటే ఆ కొట్టివేత గొప్ప కొలత. లోపలికి రానిచ్చారు, మంచిదే. కానీ ఆమె వస్తుందని ఆ ఫారం ఎన్నడూ అనుకోలేదు.

ఆ తర్వాత చాలా దూరం వచ్చాం. ఆంధ్ర, తెలంగాణ ఇంజనీరింగ్ ప్రవేశాల్లో ఆడపిల్లలకి మూడో వంతు సీట్లు కేటాయించారు. ఐఐటీలు 2018 నుంచి అమ్మాయిల కోసం అదనపు సీట్లు పెట్టాయి. భారత ప్రభుత్వపు 2020-21 ఉన్నత విద్యా సర్వే ప్రకారం ఇంజనీరింగ్ డిగ్రీ చదివేవాళ్ళలో అమ్మాయిలు దాదాపు 29 శాతం. అమెరికాలో ఇంజనీరింగ్ పట్టాలు అందుకునేవాళ్ళలో నలుగురికి ఒక్క ఆడపిల్ల కూడా పూర్తిగా లేదు. తలలు లెక్కపెట్టడం తేలిక. వచ్చిన తలకి లోపల ఏం జరుగుతోందో చెప్పడమే కష్టం.

మన గడి ఆ ఫారంలో లేదు

ఇక మనం కాస్త ఇబ్బంది పడవలసిన చోటికి వద్దాం. మావాడు నింపిన ఫారం చివర్లో జాతి, లింగం అడిగారు. కులం అడగలేదు. అడగాలని ఇక్కడివాళ్ళకి తోచదు. కానీ రూమ్మేటు కోసం వెతికేటప్పుడు ఇంటిపేరు అడిగేది మనమే. "వాళ్ళేమిట్లు?" అని గొంతు తగ్గించి అడిగేది మనమే. ఒకే క్యాంపస్‌లో తెలుగు పిల్లల వాట్సాప్ గ్రూపులు ఎందుకు రెండు మూడుగా చీలతాయో మనకి చెప్పాల్సిన పనిలేదు. ఒకప్పుడు మన ఊళ్ళలో సంస్కర్తలు పనిగట్టుకుని సహపంక్తి భోజనాలు పెట్టించారంటే, ఒకే వరసలో కూర్చోవడం మనవాళ్ళకి ఎంత కష్టమో వాళ్ళు కొలిచే పెట్టించారు.

బ్రాండైస్ విశ్వవిద్యాలయం 2019లో, కాలిఫోర్నియా స్టేట్ విశ్వవిద్యాలయం 2022లో తమ వివక్ష నిరోధక నియమాల్లో కులాన్ని చేర్చాయి. 2023లో సియాటిల్ నగరం చట్టమే చేసింది. అదే ఏడాది కాలిఫోర్నియా శాసనసభ ఆమోదించిన బిల్లుని మాత్రం, ఇప్పుడున్న చట్టాలు సరిపోతాయంటూ గవర్నర్ తిప్పి పంపారు. ఈ చట్టాల మీద మనలో రకరకాల అభిప్రాయాలున్నాయని నాకు తెలుసు. నేను అడిగేది చట్టం గురించి కాదు. అమెరికన్లు మన పేరు సరిగ్గా పలకకపోతే నొచ్చుకునే పిల్లాడు, తోటి తెలుగు పిల్లాడిని ఇంటిపేరుతో తూచితే, వాడు ఆ సర్వేలో "గట్టిగా ఒప్పుకుంటాను" అన్న జవాబు ఏ లెక్కలోకి వస్తుంది? ఒక చోట మనం అంచున ఉంటాం, ఇంకో చోట నడిమధ్యన ఉంటాం. అమెరికా ఇంజనీరింగ్ క్లాసులో ఆసియా నుంచి వచ్చిన మగపిల్లలు తక్కువేమీ కాదు. ఆ సంగతి మావాడికి ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

ఫారాలు పోయినా

ఇప్పుడు ఈ దేశంలో గాలి మారింది. మనవాళ్ళు ఎక్కువగా ఉండే టెక్సస్‌లో 2024 జనవరి 1 నుంచి ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో డైవర్సిటీ కార్యాలయాలని చట్టం మూసేసింది. 2025లో అబెట్ కూడా తన ప్రమాణాల్లోంచి ఈ మాటలని తొలగించింది. కొన్ని కాలేజీల్లో ఇలాంటి సర్వేలు మునుపటిలా జరగకపోవచ్చు. అయినా నాలుగో వారం ల్యాబ్‌లో వైర్లు ఎవరి చేతిలో ఉంటాయన్న ప్రశ్న ఎక్కడికీ పోదు. అందుకని కొన్ని ప్రశ్నలు ఇంటి నుంచే అడగడం మొదలుపెట్టాను. గళ్ళూ మార్కులూ లేవు, ఆదివారం ఫోన్‌లో కబుర్ల మధ్య అడిగేవే.

మీ టీమ్‌లో ఈ వారం ఎవరు ఏం చేశారు? పోయిన వారం కూడా అదేనా?

చివరిసారి నీ ఆలోచన కాకుండా ఇంకొకరి ఆలోచన ఎప్పుడు తీసుకున్నారు? అది ఎవరిది?

మీటింగులో అందరికంటే తక్కువ మాట్లాడేది ఎవరు? ఎందుకో అడిగావా?

ఎవరైనా ఎవరినైనా ఎగతాళి చేస్తే నువ్వేం చేశావు?

ఆడపిల్ల తల్లులైతే ఇంకొకటి చేర్చుకోండి. ఈ సెమిస్టర్‌లో నీ చేత్తో నువ్వు ఏం తయారుచేశావు? "రిపోర్ట్" అని జవాబొస్తే అక్కడ ఆగకండి. రాయడం చిన్న పనని కాదు. అన్ని సెమిస్టర్లూ అదే అయితే నాలాగే పరీక్ష రోజున చేతులు కదలవు.

గమనించారా, వీటిలో ఏదీ "నువ్వు మంచివాడివేనా?" అని అడగదు. "ఏం జరిగింది?" అని మాత్రమే అడుగుతుంది. నేను చదివిన పరిశోధనలన్నిట్లోంచి నాకు మిగిలింది ఇదే. విలువల గురించి అడిగితే విలువైన మాటలే వస్తాయి. పోయిన మంగళవారం గురించి అడిగితే పోయిన మంగళవారం బయటికొస్తుంది.

సెలవులయ్యాక మావాడు కాలేజీకి వెళ్ళి ఆ అమ్మాయిని అడిగాడట, నీకు మోటార్ వైరింగ్ చేయాలనుందా అని. "ఇప్పుడా అడిగేది?" అందట ఆ అమ్మాయి. నిజమే, అప్పటికి ప్రాజెక్టు అయిపోవచ్చింది, మిగిలింది రిపోర్ట్ ఒక్కటే. ఆ రిపోర్ట్‌లో సగం వీడు రాశాడు. అంతకుమించి చేయడానికి ఆ సెమిస్టర్‌లో ఏమీ మిగల్లేదు.

ఆ రాత్రి ఫోన్ చేసి వాడు నన్నొక మాట అడిగాడు. "అమ్మా, ఆ సర్వే మళ్ళీ తెరిచి జవాబులు మార్చొచ్చా?"

సబ్మిట్ చేశాక అది తెరుచుకోదు నాన్నా అన్నాను.